నేను తడపని మడి

ఆయన పోయారన్న కబురు ఫోన్లో విన్నప్పుడు నాకు ముందుగా కలిగింది దుఃఖం కాదు. కనీసం ఆయుష్షులోనైనా నేను గెలిచాను అనిపించింది. తరువాత సిగ్గేసింది. కళ్లు చెమర్చింది ఆ తరువాతే. మా ఇద్దరి మధ్య ముప్పయ్యేళ్లు నడిచిన వ్యవహారమంతా ఈ వరుసలోనే నడిచింది కాబట్టి దాచకుండా చెబుతున్నాను. ముందు కడుపుమంట, ఆనక సిగ్గు, ఎప్పుడో చివర్న ప్రేమ.

రాజమండ్రిలో మేమిద్దరం కెమిస్ట్రీ చెప్పిన కాలేజీ వాళ్లు సంస్మరణ సభ పెడుతున్నామన్నారు. ఆయనతో అందరికంటే ఎక్కువకాలం పనిచేసింది మీరే కాబట్టి మీరు తప్పకుండా మాట్లాడాలన్నారు. పోయాక కూడా ఆయన్ని నేనే పొగడాలా అని ఒక పక్క, పిలవకపోతే ఊరుకునేవాణ్ణా అని ఇంకో పక్క. సరేనన్నాను. ఆయన పుట్టిన ఊరు, డిగ్రీలు, పేపర్లు వేదిక మీద ఎవరో ఒకరు చదువుతారు. నాకు గుర్తొచ్చినవి వేరే.

ముందు మట్టి సంగతి చెప్పాలి. ఆయన ఏ ఊరెళ్లినా మట్టి తెచ్చుకునేవారు. పెనుగొండలో మా సహోద్యోగి ఇంట్లో పెళ్లికి వెళ్లాం. భోజనాలయ్యి అందరం తాంబూలం సంచులు పట్టుకుని బస్సు దగ్గరికి చేరితే ఈయన కనబడరు. వెతగ్గా వెతగ్గా విడిది ఇంటి వెనక కొబ్బరి చెట్ల మధ్య, పట్టుపంచె పైకి దోపుకుని గొంతుక్కూర్చుని, అరిటాకు ముక్కలో మట్టి పొట్లం కట్టుకుంటూ దొరికారు. పట్టిసీమ వెళ్లి లాంచీలో తిరిగొస్తుంటే ఆయన టిఫిన్ క్యారేజీ పై గిన్నెలో ఇసుక, కింది గిన్నెలో ఒండ్రు. పైగా ఊరికే తీసుకునేవారు కాదు. ఇంటివాళ్లనో తోటవాళ్లనో వెతుక్కుని మరీ, "కాస్త మట్టి ఇప్పిస్తారాండి?" అని అడిగేవారు. మట్టికి పర్మిషనేంటని వాళ్లు నవ్వేవారు. ఆయనా నవ్వేవారు గాని వాళ్లు తీసుకోమనేదాకా కదిలేవారు కాదు.

మా ఇంట్లో మందారం కుండీలోంచి కూడా చారెడు మట్టి మా ఆవిణ్ణి అడిగి పట్టుకెళ్లారు. ఆ పూట నుంచి మా ఆవిడ ఆయన పార్టీ. మట్టి కూడా అడిగి తీసుకెళ్లే మనిషి ఈ రోజుల్లో ఎవరున్నారని ఆర్నెల్లు చెప్పింది. ఏదీ అడక్కుండానే అన్నీ టేబుల్ మీదికి రావాలనుకునే మనిషి ఎదురుగా కూర్చుని వింటున్నాడని ఆవిడకి తెలుసు. తెలిసే అనేది.

ఇంతకీ మట్టి దేనికంటే, ఆయన చేసేది మట్టిలో కలిసిపోయే ప్లాస్టిక్. కడియం వైపు నర్సరీల్లో మొక్కలు పెంచే నల్ల సంచులు అందరూ చూసినవే. మొక్క నాటేటప్పుడు చింపి పారేస్తాం. అది ఎగిరి పంట కాలవలో పడి తూముకి అడ్డం పడుతుంది. మొక్కతో పాటు గోతిలో పెట్టేస్తే తడికి మెల్లగా విడిపోయి నేలలో కలిసిపోయే సంచి కావాలన్నది ఆయన పట్టుదల. పెరుగుకి పులుపునిచ్చే ఆమ్లం ఉంది చూశారూ, లాక్టిక్ ఆమ్లం, దాన్ని పొడవాటి గొలుసుగా కడితే అలాంటి ప్లాస్టిక్ వస్తుంది. గొలుసు దానంతటది కట్టుకోదు. ఒక లోహపు పరమాణువు చుట్టూ వేరే అణువుల్ని కూర్చి తయారుచేసే పదార్థాన్ని మేం కాంప్లెక్స్ అంటాం. ఆ కాంప్లెక్స్ చిటికెడు వేస్తే, సంబంధాలు కుదిర్చే పెద్దమనిషిలా, అది మధ్యలో నిలబడి ఒక్కొక్క లింకునీ కలుపుతుంది.

ఈ కాంప్లెక్సుల దగ్గరే మా కథ మొదలయింది. మేమిద్దరం ఒకే గైడు దగ్గర, ఒకే ఏడాది పీహెచ్‌డీలో చేరాం. ఎమ్మెస్సీలో నేను ఫస్టు. ఆయన ఎక్కడో మధ్యలో. ఆ లెక్కనే కాబోలు, గైడుగారు నాకు రాగి ఇచ్చారు, ఆయనకి జింకు. రాగి అంటే రంగులండి. నా కాంప్లెక్సులు ఒకటి నెమలి మెడ నీలం, ఒకటి చిలకాకుపచ్చ, ఒకటి పండిన నేరేడు. ఆయనవి తెల్లగా బియ్యప్పిండిలా ఉండేవి. ముగ్గు వేసుకోడానికి పనికొస్తాయని ఎగతాళి చేశాను. ఆయన పడీపడీ నవ్వి, ఆ జోకు నా పేరు చెప్పి మరీ ల్యాబంతా పంచిపెట్టారు. ఎగతాళి చేసినవాడికి ఇంతకంటే అవమానం ఉండదు.

కాలేజీలో చేరాక నా సీసాలు అద్దాల బీరువాలో వరసగా ఉండేవి. కాలేజీకి ఎవరొచ్చినా ముందు అక్కడే ఆగేవారు. ఎంత బాగున్నాయండీ అనేవారు. అవి దేనికి పనికొస్తాయని ఒక్కళ్లూ అడగలేదు, అడిగితే నా దగ్గర జవాబు కూడా లేదు. ఆ సీసాలు ఇప్పటికీ ఆ బీరువాలోనే ఉన్నాయి.

ఆయన జవాబు లేకపోతే లేదనేవారు. పిల్లలు ఏదన్నా అడిగితే కళ్లజోడు తీసి, చొక్కా అంచుతో తుడిచి, మళ్లీ పెట్టుకుని, "తెలీదండి. చూద్దాం" అనేవారు. డిగ్రీ పిల్లల్ని కూడా అండి అనే మనిషి. నేను క్లాసులో తెలీదన్న మాట ముప్పయ్యేళ్లలో ఒక్కసారీ అనలేదు. తెలియనిది ఎవరైనా అడిగితే అది సిలబస్‌లో లేదని కసిరేవాణ్ణి. పిల్లలు నన్ను చూసి లేచి నిలబడేవారు. ఆయన్ని చూస్తే దగ్గరికొచ్చి నిలబడేవారు. ఆ తేడా నాకు తెలియదనుకున్నారేమో గాని, బాగా తెలుసు.

ఆయన ప్రయోగాలు చాలాకాలం వరసగా పాడయ్యాయి. గాలిలో తడి ఉంటే ఆ గొలుసు సగంలో తెగిపోతుంది. గోదావరి ఒడ్డున కూర్చుని గాలిలో తడి వద్దంటే ఎవరు వింటారు? వానాకాలమంతా ఆయన ఫ్లాస్కుల్లో జిగట నీళ్లు తప్ప ఏమీ మిగిలేది కాదు. ఇది ఈ ఊళ్లో అయ్యే పని కాదు, వదిలెయ్యండని హితవు చెప్పాను. చెబుతూ లోపల ఎంత హాయిగా ఉండేదో. ఆయన షరా మామూలే, తెలీదండి, చూద్దాం.

అయింది. మాఘమాసంలో ఒక మధ్యాహ్నం, పొడిగాలి తోలుతున్న రోజున. నేను థర్డ్ ఇయర్ క్లాసులో ఉన్నాను. వెనక బెంచీలవాళ్లు ముందు తలలు తిప్పారు, తరువాత లేచారు, చూస్తుండగానే క్లాసు సగం ఖాళీ అయింది. కోపంగా నేనూ బయటికొచ్చాను. ఆయన ల్యాబు గుమ్మంలో వేడి ఫ్లాస్కు పట్టుకుని నిలబడ్డారు. అందులో ముంచి తీసిన గాజు కడ్డీ పట్టుకుని ల్యాబ్ అటెండరు సత్తిబాబు వరండాలో వెనక్కి వెనక్కి నడుస్తున్నాడు. ఇద్దరి మధ్యా సన్నటి దారం, ఎండకి మెరుస్తూ సాగుతోంది. నోటీసు బోర్డు దాటాక తెగింది. పిల్లలు చప్పట్లు కొట్టారు. ఆయన నన్ను చూసి, మాస్టారూ రండి, మీరూ ఒక కొస పట్టుకోండని పిలిచారు. పట్టుకున్నాను. ఇంకా గోరువెచ్చగా ఉంది.

నాకు ఏడుపొచ్చింది. కన్నీళ్ల ఏడుపు కాదు. ఎదుటివాడు బాగుపడితే వచ్చే ఏడుపు. ఆ తెల్లటి ముగ్గుపిండి ఇంత పని చేసింది, నా నెమలి మెడ నీలం బీరువాలో కూర్చుంది. అదే వరండాలో, అప్పుడే ఆయన కొత్తగా చేరిన జూనియర్ లెక్చరర్‌కి నన్ను పరిచయం చేస్తున్నారు. "ఈయన మా బ్యాచ్‌లో ఫస్టండి." ఎక్కడికెళ్లినా, ఎవరు కలిసినా ఆయన నన్ను అలాగే పరిచయం చేసేవారు. దెప్పుతున్నారేమోనని మొదట్లో మొహంలోకి పరీక్షగా చూసేవాణ్ణి. దెప్పడం కాదు. నిజంగానే ఆయనకి అది గొప్ప విషయం. దెప్పినా బాగుండేది.

ఇక ఆ వేసవి సంగతి. సభలో చెప్పాలో వద్దో అని నేను వారం రోజులు తన్నుకులాడింది దీని గురించే.

దారం అయ్యాక పల్చటి షీటు చేశారు. అది మట్టిలో నిజంగా కలుస్తుందా లేదా చూడాలి. డిపార్ట్‌మెంటు వెనక మంచమంత మడి తవ్వి, తవ్విన మట్టిలోనే ఊరూరా అడిగి తెచ్చిన మట్టంతా కలిపి నింపారు. వాన పడి లెక్క తప్పకుండా పైన రేకులు వేయించారు. షీటుని ముక్కలు కోసి, తూచి, దోమతెర గుడ్డతో కుట్టిన చిన్న చిన్న సంచుల్లో పెట్టి, నంబరు బిళ్లలు కట్టి మడిలో పాతారు. రోజు విడిచి రోజు రెండు బకెట్లు నీళ్లు పొయ్యాలి. నెలన్నర తరువాత తీసి, కడిగి, ఆరబెట్టి, మళ్లీ తూచాలి. ఎంత బరువు తగ్గితే అంత మట్టిలో కలిసినట్టు.

పాతిన నాలుగో రోజున మొగల్తూరు నుంచి కబురు. వాళ్ల అక్కగారు జారిపడి తుంటి ఎముక విరిగింది, చూసుకునేవాళ్లు లేరు. సెలవులు కావడంతో సత్తిబాబు కూడా ఊళ్లో లేడు. ఆయన మా ఇంటికొచ్చి మడి నాకు అప్పజెప్పారు. ఇంకెవరికైనా చెబితే మర్చిపోతారండి, మీరైతే మర్చిపోరు అన్నారు. మా ఆవిడ కాఫీ ఇస్తూ, ఆయన పోస్తారులెండి, నేను గుర్తుచేస్తాను అంది.

మొదటి వారం పోశాను. నిజంగానే పోశాను. తరువాత ఒకరోజు డిపార్ట్‌మెంటులో ఒక్కణ్ణే ఉండగా ఫోన్ మోగింది. కడియం నుంచి ఒక నర్సరీ యజమాని. మొక్కల సంచుల మాస్టారున్నారాండి అన్నాడు. లేరన్నాను. వచ్చాక తమ నర్సరీ వాళ్ల మీటింగుకి రమ్మని చెప్పమన్నాడు. సంచులు తయారైతే తనే ముందు తీసుకుంటానన్నాడు. ఏడాదికి సరిపడా సంచులు ఒకేసారి కొని షెడ్డులో పడేసుకుంటాం, అవి షెడ్డులోనే పుచ్చిపోతే మా గతేంటో కూడా అడగాలన్నాడు. అన్నీ రాసుకున్నాను. చివర్న చాలా మర్యాదగా, "మీరు ఆయన దగ్గర పనిచేస్తారాండి?" అని అడిగాడు.

అవునన్నాను. కాదు, నేను బ్యాచ్ ఫస్టు అని ఫోన్లో చెప్పుకోలేను కదా.

మర్నాడు మడికి నీళ్లు పొయ్యాల్సిన రోజు. బకెట్టు నింపాను. మోసుకుని మడి దాకా వెళ్లాను. ఒక్క క్షణం నిలబడి, పక్కకి తిరిగి, గోడవార ఉన్న క్రోటన్ మొక్కల్లో గుమ్మరించేశాను. రెండో బకెట్టూ అంతే. మర్చిపోతే వేరు. బద్ధకిస్తే వేరు. నేను అయిదు వారాల పాటు రోజు విడిచి రోజు, రోహిణీకార్తె ఎండలో కూడా బకెట్లు మోసుకెళ్లి, చెమటలు కక్కుకుంటూ, ఆ మడికి మాత్రం చుక్క తగలకుండా చూశాను. వాచ్‌మన్ చూసి, పాపం మాస్టారు ఎంత శ్రద్ధండీ అన్నాడు. ఇంటికెళితే మా ఆవిడ మజ్జిగ ఇచ్చేది. అంత నిష్ఠగా నా రాగి కూడా చూసుకోలేదు నేను.

ఆయన తిరిగొచ్చిన రోజున మడి తవ్వుతుంటే పక్కనే ఉన్నాను. ఉండకుండా ఉండలేకపోయాను. సంచి మీద సంచి తీశారు. ముక్కలు కొత్త కాగితాల్లా ఉన్నాయి. తూచారు, బరువులో తేడా లేదు. మడి గట్టు మీద కూర్చుండిపోయి, తలెత్తకుండానే, "రోజు విడిచి రోజు పోశారు కదండీ?" అన్నారు.

"పోశానండి."

ఆయన మడి అడుగు నుంచి చిటికెడు మట్టి తీసి వేళ్ల మధ్య నలిపారు. అది పొడిపొడిగా రాలిపోయింది. కళ్లజోడు తీసి తుడుచుకున్నారు. గోడ వైపు చూశారు. మండు వేసవిలో మా క్రోటన్లు ఆకు ఆకూ నిగనిగలాడుతున్నాయి. "క్రోటన్లు ఈ ఏడు బాగా వచ్చాయండీ" అని, సంచులన్నీ ఏరుకుని లోపలికెళ్లిపోయారు. అంతే.

వారం రోజులు నాకు అన్నం సయించలేదు. ప్రిన్సిపాల్‌కి చెబుతారా, సత్తిబాబుకి చెబుతారా, మా ఆవిడతో అంటారా. ఏమీ జరగలేదు. ఆయన ఆ మడి పక్కనే ఇంకో మడి తవ్వారు. దాన్ని తనే తడిపారు. పాతదాన్ని అలాగే ఎండబెట్టి ఉంచి, ఆ సంచులే మళ్లీ అందులో పాతారు. తడి మడిలో ముక్కలు జల్లెడల్లా అయి, ఆ పైన చివికిపోయాయి. ఎండిన మడిలోవి ఏడాదైనా చెక్కుచెదరలేదు. నర్సరీ ఆయన అడిగిన ప్రశ్నకి జవాబు అదే. పొడిగా షెడ్డులో ఉంటే సంచికి ఏమీ కాదు, నేలలో తడి తగిలితేనే కరుగుతుంది.

పేపరు అచ్చయ్యాక ఆయనే తెచ్చి నా టేబుల్ మీద పెట్టారు. పట్టికలో మొదటి మడి గడి మీద 'నీరు లేకుండా' అని ఉంది. నేను పోశానన్న మడి. నన్ను అడక్కుండానే అలా వేశారు. కింద చివరి పంక్తిలో, మొదటి మడిని చూసుకున్నందుకు నాకు కృతజ్ఞతలు. నా పేరుతో, ఇనిషియల్స్‌తో సహా.

తలుపు దగ్గరగా వేసి అడిగాను, నీరు లేదని రాశారేంటండీ అని. "మట్టి అలా చెప్పిందండి" అన్నారు. మరి నాకు థాంక్స్ దేనికన్నాను. నా గొంతు నాకే కొత్తగా వినబడింది. ఆయన, "నెలన్నర చూసుకున్నది మీరే కదండీ. ఆ మడి లేకపోతే నాకు సగమే తెలిసుండేది" అన్నారు. ఆ మొహంలో వెటకారం కోసం వెతికాను. దొరికితే ఆయన్ని సుఖంగా ద్వేషించుకునేవాణ్ణి. దొరకలేదు. తప్పు చేసినవాణ్ణి నేనైతే, దాన్ని క్షమించిన గొప్పా ఆయనకే పోయింది. అందుక్కూడా కుళ్లుకున్నాను, దాచేదేముంది. ఆ తరువాత పదిహేనేళ్లు ఒకే గదిలో పక్కపక్క టేబుళ్ల దగ్గర కూర్చున్నాం. నేను పోయలేదండి అన్న రెండు ముక్కలు చెప్పడానికి నాకు తీరికే దొరకలేదు. ఆయన రిటైరై, జబ్బుపడి, చూడ్డానికి వెళ్లినప్పుడు కూడా వాతావరణం గురించి మాట్లాడి వచ్చేశాను.

నా రాగి పేపర్లు నాలుగున్నాయి. వాటిని చదివినవాణ్ణి నేనొక్కణ్ణే అనుకుంటాను. ఆయన పేపరు మాత్రం ఎవరెవరో చదువుతున్నారు. చదివిన ప్రతివాళ్లకీ చివర్లో నా పేరు కనబడుతుంది.

సభకి హాలు నిండింది. నా సభకి ఇంతమంది రారని కుర్చీలు చూడగానే లెక్కేసుకున్నాను. ముందు వరసలో ఆ నర్సరీ ఆయన ఉన్నాడు, ఇప్పుడు జుట్టంతా తెల్లబడింది. మా కాలేజీలో ఆయన దగ్గర చదివిన ఇద్దరు చిన్న యూనిట్ పెట్టి ఆ సంచులు చేస్తున్నారు, ఈ నర్సరీ ఆయన తన నర్సరీలో కొంత భాగానికి అవే వాడుతున్నాడు. మాట్లాడినవాళ్లందరూ ఒకటే మాట. చేసిందంతా తను చేసి, పేరు మాత్రం పక్కవాళ్లకి పంచేవారట. నా వంతు వచ్చింది. జేబులో రెండు పేజీలు రాసుకున్నవి ఉన్నాయి. మైకు ముందు నిలబడి దండ వేసిన ఫొటో వైపు చూశాక, ఆ పేజీలు తియ్యబుద్ధి కాలేదు.

"మొదటి మడికి నేను నీళ్లు పోయలేదండి" అన్నాను. "మర్చిపోయి కాదు. కావాలనే పోయలేదు."

అసలు మాట ఇంకా చెప్పాలి. ఆయన మీద ఏడుపుతో పోయలేదు, పోశానని ఆయనతో అబద్ధమాడాను అని చెప్పాలి. గ్లాసులో నీళ్లు తాగుదామని వంగాను. అంతలో ముందు వరసలోంచి నర్సరీ ఆయన లేచి నిలబడ్డాడు.

"అయితే ఎండబెట్టి చూడాలన్న ఆలోచన మీదన్నమాటండి" అన్నాడు. "మాకు అసలు పనికొచ్చింది ఆ సంగతేనండి. ఇన్నేళ్లూ ఒక్కసారైనా చెప్పుకోలేదేంటండీ. మీరూ అచ్చం ఆయన్లాంటి మనిషేనండి."

చప్పట్లు మొదలయ్యాయి. వెనక వరసల దాకా పాకాయి. ఆయన పాత విద్యార్థి ఒకడు కళ్లు తుడుచుకున్నాడు. కాదండీ అనడానికి నోరు తెరిచాను కూడా. ముప్పయ్యేళ్లలో ఒక్కరూ నన్ను ఆయన పక్కన నిలబెట్టి ఆ మాట అనలేదు. ఎంత తియ్యగా ఉందో ఆ మాట. చేతులు జోడించి అందరికీ నమస్కారం పెట్టి, వచ్చి నా కుర్చీలో కూర్చున్నాను.

ఇంటికొచ్చాక, సభలో ఏం మాట్లాడారని మా ఆవిడ అడిగింది. ఉన్నదే చెప్పానన్నాను.